బిన్ని చేప ఏ ఊరిది?

చేపల్ని నీళ్ళలో పుట్టించిన భగవంతుడు, అవి ఏ ప్రాంతానివో తేల్చే అధికారం మాత్రం అంతర్జాల విజ్ఞానసర్వస్వం వారి ప్రాంతీయ వర్గీకరణ ఉపసంఘానికి వదిలిపెట్టాడు. (ఆయన పనితనానికి ముద్రిత ఆధారాలు లేవని ఉపసంఘం ఒకసారి ఆక్షేపించింది కూడా.)

మా ఉమ్ గసబ్ దక్షిణ ఇరాక్ చిత్తడిలో రెల్లు ఇళ్ళ ఊరు. ఇక్కడ బిన్ని చేప ఉందని మా గేదెలకు కూడా తెలుసు. నీటివాటాల కార్యాలయానికి తెలియదు. వాళ్ళకున్న ఒక్క చేపల నిపుణుణ్ణీ పోయినేడు ఇంటికి పంపేశారు, విజ్ఞానసర్వస్వం ఊరికే దొరుకుతుంటే మనిషెందుకని. కొత్త నిబంధన ప్రకారం, ఏ చిత్తడి పేరున సర్వస్వంలో చేపల వర్గం ఉంటే, గుడ్లు పెట్టే కాలంలో ఆ చిత్తడికే తూము ఎత్తుతారు. మాకు వర్గం లేదు. గుడ్ల కాలానికి నలభై రోజులుంది. తూము ఎత్తకపోతే చేపా ఉండదు, ఊరూ ఉండదు.

యాభై ఏళ్ళుగా పడవ మీద చేపలు పట్టే హజ్జా వబ్రియా నా దగ్గరికి వచ్చింది. (పత్రికకు రాస్తాను గనుక ఊళ్ళో అర్జీలన్నీ నా నెత్తినే.)

"బిన్ని మాదేనని అందులో ఒక్క ముక్క రాసి పడెయ్ నాయనా. అంతేగా?"

రాశాను. ఉపసంఘం అధ్యక్షుడు 'సరిహద్దుప్రియుడు' అనే మారుపేరు గల మహానుభావుడు. చేపను డబ్బాలో తప్ప చూడలేదని తన పరిచయ పుటలో తానే గర్వంగా రాసుకున్నాడు. తొమ్మిది నిమిషాల్లో నా ముక్క కొట్టేశాడు. ప్రాంతమంటే నేల, చిత్తడి నేలో నీరో ఇంకా తేలలేదు, అది తేల్చడానికి వేరే ఉపసంఘం ఉంది. (అందులో సభ్యుడు ఒక్కడే. ఆయనే.)

హజ్జా ఐదు మొనల శూలానికి గుచ్చిన బిన్నిని ఎత్తి పట్టుకుని ఫోటో తీయించుకుంది. అదీ పంపాను. 'స్వానుభవం ఆధారం కాదు. చేపను కళ్ళారా చూసినవారు పక్షపాతులు' అని జవాబొచ్చింది.

"మరి చూడనోడు చెబితే చెల్లుద్దా?"

"అచ్చులో చెబితే చెల్లుతుంది హజ్జా."

"వాడి మొహం మండ! నా పెళ్ళి విందులో తిన్నా బిన్ని. మా ఆయన పోయినప్పుడు వచ్చినోళ్ళందరికీ వండి పెట్టా. ఇవన్నీ ఏ అచ్చులో వేయించాలంట?"

పెళ్ళిళ్ళకూ చావులకూ వేరే వర్గాలున్నాయని నేను చెప్పలేదు. (శూలం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.)

ఇరవయ్యో రోజున సరిహద్దుప్రియుడు అరబీ నిఘంటువు తిరగేశాడు. బిన్ని అనేది మా నోటి మాట. పుస్తకాల్లో దాని పేరు 'బున్నీ'. బున్నీ అంటే కాఫీ గింజ రంగు. కాఫీ యెమెన్‌ది. కాబట్టి మా చేపను 'యెమెన్ కాఫీ రకాలు' అనే వర్గంలోకి మార్చి, అభ్యంతరాలకు పధ్నాలుగు రోజుల గడువిచ్చాడు. నీటివాటాల కార్యాలయం ఎన్నడూ లేనంత చురుగ్గా స్పందించి, కాఫీకి తూము ఎత్తే ఆనవాయితీ లేదని మాకు లేఖ పంపింది.

హజ్జాకు చదివి వినిపించాను.

"అయితే దాన్ని వేయించి, దంచి, కాచుకుని తాగమను! గొంతులో ముల్లు దిగితే అప్పుడు తెలుస్తది ఏ ఊరిదో."

ఆ మాటనే అభ్యంతరంగా దాఖలు చేశాను. భాష బాగాలేదని తిరిగొచ్చింది. ఒళ్ళు మండి పత్రికలో పెద్ద వ్యాసం రాశాను. అచ్చయింది. దాన్నే ఆధారంగా పంపాను. 'వ్యంగ్యం ఆధారం కాదు' అన్నారు. అందులో వ్యంగ్యం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. జరిగింది జరిగినట్టే రాశాను.

నలభై రోజులూ గడిచాయి. తూము ఎత్తలేదు. నీళ్ళు మోకాలి లోతుకు, ఆపైన చీలమండకు, చివరికి ఒట్టి మాటల్లోకి దిగిపోయాయి. కడుపునిండా గుడ్లతో బిన్నిలు బురదలో నోళ్ళు తెరుచుకుని చచ్చాయి. హజ్జా గేదెల్ని అమ్మేసి బస్రాలో చెల్లెలింటికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ శూలాన్ని నా గుమ్మానికి ఆనించింది.

"ఉంచుకో నాయనా. ఆధారం కింద పనికొస్తదేమో."

నాకు ఏడుపొచ్చింది. (ఇది స్వానుభవం. చెల్లదు.)

మరుసటి వారం రాజధాని పత్రిక ఒకటి ఓ మూలన రెండు వాక్యాల వార్త వేసింది. మొదటిది: 'బిన్ని చేపలకు పేరుపొందిన ఉమ్ గసబ్ చిత్తడి పూర్తిగా ఎండిపోయింది.' రెండోది వాతావరణం గురించి. రాసినవాడు ఇటు తొంగి కూడా చూడలేదు, కనుక పక్షపాతం లేదు. పైగా చిత్తడి నేలో నీరో అన్న సందేహం కూడా ఇప్పుడు తీరిపోయింది. సరిహద్దుప్రియుడు ఆ పూటే 'ఉమ్ గసబ్ చిత్తడి చేపలు' అనే వర్గాన్ని ఆమోదించాడు.

ఆ వర్గంలో ప్రస్తుతం ఒక చేప ఉంది. చిత్తడిలో ఉన్నవాటికంటే ఒకటి ఎక్కువ.