నాంచారమ్మ బడిలో అందరికీ నూటికి నూరు

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతల నల్లమద్ది చెట్ల కింద ఒక చిన్న బడి ఉండేది. బడి అంటే గోడలూ తలుపులూ ఏం లేవు లెండి. నాలుగు చెట్లు, ఒక బండ, ముప్పైరెండు మంది పిల్లలు, ఒకే ఒక్క టీచరు. ఆ టీచరు నాంచారమ్మ అనే కొండముచ్చు.

దుప్పి పిల్లలకైనా, అడవిపంది పిల్లలకైనా ఆవిడ చెప్పే పెద్ద పాఠం ఒక్కటే, వాసన. గుంపుగా వేటాడే రేచుకుక్కలు పడుకుని లేచిన చోటి నుంచి ఎండుగడ్డి పట్టుకొచ్చేది. పిల్లల్ని కళ్ళు మూసుకోమని, గాలివాటాన నిలబడి ఆ గడ్డి పైకెత్తి పట్టుకునేది. వాసన తగలగానే పరుగు తీయాలి. వెనక కాలు కుంటే దుప్పి పిల్ల సింగారి మాత్రం రోజూ లాస్టే.

"ఏం పరవాలేదే తల్లీ, నీ ముక్కు మామూలు ముక్కు కాదు! అందరికంటే ముందు నువ్వు బయల్దేరు, సరిపోతుంది" అనేది నాంచారమ్మ.

ఇలా ఉండగా ఒకరోజు విద్యాధికారి ఉడుముగారు వచ్చారు. ఆయన పట్టు సంగతి వేరే చెప్పాలా! ఒక ఉత్తర్వు పట్టుకున్నారంటే అడవి తగలబడినా వదలరు. ఆయన వెంట ఘుమఘుమలాడుతూ ఒక పునుగుపిల్లి వచ్చాడు.

"ఇది వనజ్ఞాని యాప్ అమ్మా" అని పునుగుపిల్లి ఫోను తీశాడు. "పాఠాలు, ఆటలు, పరీక్షలు, మెడల్సు. అంతా ఉచితం."

"వాసన పాఠం ఉందా బాబూ?"

"వచ్చే అప్‌డేట్‌లో పెడతామమ్మా."

"ఉచితం అంటున్నావు. మరి నీ పొట్ట ఎలా గడుస్తుంది నాయనా?"

పునుగుపిల్లి నవ్వేశాడు. ఉడుముగారికి మాత్రం ఒళ్ళు మండింది. "ఊరికే ఇస్తుంటే ఈ ఆరాలేమిటమ్మా? మీలాంటి వాళ్ళ వల్లే అడవి ఇలా ఉంది" అన్నారు.

పిల్లలు ఫోను చుట్టూ మూగారు. సింగారి దాన్ని వాసన చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "టీచరమ్మా, ఏదో వాసనొస్తోంది!"

"అది ఆ బాబు పూసుకున్న అత్తరు లేవే" అంది నాంచారమ్మ.

ప్రారంభోత్సవం చేయాలి కదా! ఉడుముగారు బండ మీదికెక్కి, మొదటి పేరు తనదే నమోదు చేశారు. నివాసం అన్న చోట, ఉత్తరపు బండ చీలిక. ఇష్టమైన పని దగ్గర, మధ్యాహ్నం నిద్ర. ఈలోపు ఫొటో తీయడం అయిపోయింది. ఇక మిగతా ప్రశ్నలతో పనేముంది? అన్నీ అలాగే వదిలేసి ఫోను నాంచారమ్మ చేతిలో పెట్టారు.

"సోమవారంకల్లా ప్రతి పిల్లా నలభై ప్రశ్నలకూ జవాబులు నొక్కాలి. లేదంటే ఈ బడిని ఏటవతలి బడిలో కలిపేస్తాం."

నాంచారమ్మ ఏటికేసి చూసింది. ఆ ఏట్లో మొసలి ఉంది. సింగారి కుంటుకుంటూ రోజూ అది దాటి వెళ్ళడమే!

సరేనని పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. అప్పుడు బయటపడింది అసలు విషయం. ఆ ఫోను తెర గిట్టకు పలకదు. దుప్పి పిల్లలు టకటకా కొట్టారు, ఉలుకూ పలుకూ లేదు. అడవిపంది పిల్లాడు బుడంకాయ తడి ముట్టెతో నొక్కితే పలికింది గానీ, "గుహలు అద్దెకు ఇవ్వబడును" అని ఒక ప్రకటన వచ్చి ఎంతకీ పోలేదు.

నాంచారమ్మ చెట్టు చిటారు కొమ్మకెక్కి, సిగ్నల్ దొరకబుచ్చుకుని, సాయం చేసే నంబరుకు ఫోను చేసింది.

"వేరే వేలితో ప్రయత్నించండి" అంది అవతలి గొంతు.

"వేళ్ళు లేవు నాయనా, గిట్టలు!"

"అయితే బొటనవేలితో ప్రయత్నించండి."

ఇంకేం చేస్తుంది పాపం! ఆ బడి మొత్తానికి వేళ్ళున్నది ఆవిడకే. వాసన పాఠం పక్కన పెట్టి, రెండు రోజులు తిండీ తిప్పలూ మాని అందరి పేర్లతోనూ తనే నొక్కింది. ప్రశ్నలు చూస్తే ఆవిడకే వింతగా ఉంది. ఎంత వేగంగా పరిగెడతావు? దేనికి భయపడతావు? ఒంటరిగా ఎప్పుడు తిరుగుతావు? ఇదేం చదువమ్మా అనుకుంటూనే, స్టార్లు పడే జవాబు ఏదో చూసి నొక్కుకుంటూ పోయింది. వాయువేగం. దేనికీ భయపడను. ఎప్పుడూ గుంపులోనే.

సింగారి పరుగు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. ఉన్న నిజం నొక్కాలంటే చేయి రాలేదు. దానికీ వాయువేగమే నొక్కేసింది.

ఇంకేముంది, అడవి మొత్తానికీ ఉత్తమ బడి నాంచారమ్మదే అయింది! పూలదండలు వచ్చాయి. పిల్లలు వాటిని తినేశారు. సింగారి గెంతుకుంటూ వచ్చి, "టీచరమ్మా, నాకు పరుగులో నూటికి నూరట! నిజంగా నేనంత ఫాస్టా?" అని అడిగింది.

నాంచారమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. బడి పోతే పోయింది, రేపే వెళ్ళి ఉన్నదంతా ఒప్పేసుకుని, జవాబులన్నీ సరిచేసి పంపాలనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కొమ్మల మీదుగా ఉత్తరపు బండకేసి బయల్దేరింది. దారిలో కింద ఏవో గొంతులు వినిపించి ఆగింది. తొంగి చూస్తే మూడు రేచుకుక్కలు, వాటి మధ్య మన పునుగుపిల్లి!

"పూటపూటా నీకు మాంసంలో వాటా పెడుతున్నది ఇందుకేనట్రా?" అని ఒక రేచుకుక్క ఫోను విసిరినంత పని చేసింది. "చేతకాని పిల్లల జాబితా తెస్తానన్నావు. ముప్పైరెండు మందీ వాయువేగం! ముప్పైరెండు మందికీ భయం లేదు! వీళ్ళు దుప్పులా, పులులా?"

"ఈ సింగారి ఎవర్తో గానీ, దీని వెంట పడితే మనకు ఆయాసమే మిగిలేది" అంది రెండోది.

నాంచారమ్మ కొమ్మను గట్టిగా కరుచుకుంది. తను సరిచేద్దామని బయల్దేరింది ఈ జవాబులనే!

"ఆగండాగండి, ఒకడున్నాడు" అన్నాడు పునుగుపిల్లి. "పరుగు, జవాబు లేదు. వాసన, జవాబు లేదు. ప్రమాదం వస్తే ఏం చేస్తావు? జవాబు లేదు. ఇష్టమైన పని, మధ్యాహ్నం నిద్ర. చిరునామా మాత్రం శుభ్రంగా ఇచ్చాడు."

రేచుకుక్కలు ఎండకేసి చూశాయి. నడినెత్తిన ఉంది.

నాంచారమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నిజం చెప్పాలి కదా, రెండు క్షణాలు ఆలోచించింది. తర్వాత మనసొప్పక, కొమ్మల మీద ఎగురుకుంటూ గొంతు చించుకుని అరిచింది. ఉడుముగారు ఉలిక్కిపడి లేచి బండ చీలికలో దూరారు. రేచుకుక్కలు తోక పట్టుకుని లాగాయి. ఆయన బండను ఉత్తర్వును పట్టుకున్నట్టు పట్టుకున్నారు. చివరికి వాటికి దక్కింది జానెడు తోక.

మూడోరోజు తోకకు పసరు కట్టు కట్టుకుని ఆయన బడికొచ్చారు. అప్పటికే నాంచారమ్మ ఆయనకు జరిగినదంతా చెప్పేసింది. ఉడుముగారు రెండు కాగితాలు చదివారు. మొదటిది, వనజ్ఞానిలో ఇకమీదట అధికారుల వివరాలు నమోదు చేయరాదు, పిల్లలవి యథాప్రకారం కొనసాగించాలి. రెండోది, పిల్లల పేరిట తప్పుడు జవాబులు నొక్కినందుకు నాంచారమ్మ సంజాయిషీ ఇవ్వాలి.

"తప్పేనయ్యా. మరి నిజం జవాబులు పంపేయనా?"

ఉడుముగారు తన తోక వంక చూసుకున్నారు.

"వద్దులెండి. ఏటేటా ఇవే పంపండి" అన్నారు మెల్లగా. "ఫోను మాత్రం తరగతిలో రోజూ వాడాలి. ఉత్తర్వు."

"తప్పకుండా వాడతానయ్యా" అంది నాంచారమ్మ.

ఆయన అటు వెళ్ళగానే పిల్లల్ని కళ్ళు మూసుకోమంది. గాలివాటాన నిలబడి, ఎండుగడ్డికి బదులు ఫోను పైకెత్తి పట్టుకుంది.

"అదే! ఆవేళ నేను చెప్పిన వాసన ఇదే!" అని అరిచి, అందరికంటే ముందు సింగారి కుంటుకుంటూ పరుగు తీసింది.

నీతి: పైకి తప్పుడు లెక్కలు పంపడం మహాపాపం, పంపాల్సి వస్తే మాత్రం ఒక్క పిల్లనూ వదలకుండా పంపాలి.