కాగితానికి నోరొచ్చిన రోజు

దరఖాస్తులు చదవని ఆఫీసర్లారా, ఈ గొడవకు మీరే కారణం. మూడు ఎండాకాలాలు, మూడు దరఖాస్తులు. ఒక్కటి చదివినా జాల్యా టేపురికార్డరు ఎత్తుకొచ్చేవాడే కాదు.

తరిగొప్పుల దగ్గరి ఆ తండాలో బోరింగు లేదు. ఆడవాళ్లు మైలు నడిచి వ్యవసాయ బావి నుంచి తాగునీళ్లు మోస్తారు. అందుకే ఎనభైమూడు ఏప్రిల్‌లో ఓ పొద్దున తండా పెద్ద జాల్యా జనగామ టైపు దుకాణంలో దిగాడు.

"సునందక్కా, ఈసారి కాగితమే మాట్లాడాలె. టైపు కొట్టి గీ డబ్బాల చదువు. సారు చెవుల పెడత."

సునంద టైపు కొట్టింది, గట్టిగా చదివింది. టేపు ఆపడం మాత్రం ఇద్దరూ మరిచారు. పక్కనున్న ఆమె తండ్రి వెంకట్రాజం ఊరుకుంటాడా?

"గా సారు చదువుతడా బిడ్డా? కాగితాలతోని బజ్జీల నూనె తుడుస్తడు. పొద్దంత కుర్చీల గుర్రుపెడతడు."

బస్సు హారన్ కొట్టింది. జాల్యా డబ్బా ఎత్తుకుని ఉరికాడు.

మర్నాడు నలభై మందితో ఆఫీసుకు పోయాడు. ఆ తండాలో ఓ పద్ధతి ఉంది. నలుగురిలో ఎవరు చెప్పినా, మాట మాటకూ కూర్చున్నవాళ్లంతా "నిజమే!" అనాలి. అనకపోతే చెప్పినవాడికి అవమానం.

ఆఫీసర్ రామచందర్ బల్లమీద టేపు మొదలైంది.

"మా తండాకు బోరింగు లేదు."

"నిజమే!"

"కాగితాలతోని బజ్జీల నూనె తుడుస్తడు."

"నిజమే!" అలవాటు మరి.

"పొద్దంత కుర్చీల గుర్రుపెడతడు."

"నిజమే!" ఈసారి గుమస్తా కూడా అన్నాడు.

"ఏందిరా గిది? పోలీసులను పిలుస్త!" అని రామచందర్ లేచాడు.

"పిలువుండ్రి సారూ, వాళ్లకు గూడ ఇనిపిస్తం" అంది గుంపులోని సుక్కి.

అప్పుడే తనిఖీకి వచ్చిన పెద్దసారు జీపు గేటు దగ్గర ఆగింది. రామచందర్ చేతులు జోడించాడు.

"జాల్యా, నీకు దండం, జర చెరుపు!"

పాతది చెరపాలంటే ఎర్ర బొత్తాం నొక్కి, దానిమీద కొత్తది ఎక్కించాలి. వేరే దారి ఆ డబ్బాకు లేదు. జాల్యా టేపు వెనక్కి తిప్పి నొక్కాడు. రామచందర్ డబ్బా పక్కనే వంగి బతిమాలాడు.

"వారంల బోరింగు ఏయిస్త. బజ్జీల ముచ్చట పెద్దసారుకు చెప్పకుండ్రి!"

"నిజమే!"

పెద్దసారు లోపలికొచ్చాడు. "ఏమిటీ గుంపు?"

"జనం మెచ్చుకుంటున్నరు సార్! వినుండ్రి!" అని రామచందర్, పాతది చెరిగి "నిజమే" ఒక్కటే మిగిలిందనుకుని, తన చేత్తోనే టేపు వెనక్కి తిప్పి పెట్టాడు.

పెద్దసారు మొత్తం విన్నాడు. "ఏం బజ్జీలు?" అన్నాడు. బోరింగు కాగితం మీద అక్కడే సంతకం పడింది.

వారం దాటి మూడు రోజులైంది. సంతకాన్ని బిందెలో పోసుకుని తాగలేరు. రేపు పొద్దున్నే బోరు వేసే రిగ్గు బండి తండాకు పంపండి. టేపు జాల్యా దగ్గరే ఉంది.

రెండోవైపు ఇంకా ఖాళీ.