ఆదర్శ దంపతులకు శాలువా

మాచర్ల వర్తక సంఘం ఈ ఏడాది ఆదర్శ దంపతులుగా బట్టల కొట్టు మురళీధర్‌ను, ఆయన భార్య బాలసరస్వతిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నది. అర్హత ఒక్కటే: ఇన్నేళ్ళుగా వాళ్ళింట్లోంచి పెద్ద గొంతు వినబడలేదు. చిన్న గొంతు కూడా వినబడలేదన్న సంగతి సంఘం పరిశీలనకు రాలేదు.

ఆ శుభవార్త ఇంటికి చేరేసరికి బాలసరస్వతి ఉల్లిపాయలేవీ తరగకుండానే ఏడుస్తోంది. కొంతకాలంగా ఆమెకదే పని. కూర తిప్పుతూ ఏడ్చేది, బట్టలు మడతపెడుతూ ఏడ్చేది. ఎందుకో ఆమెకే తెలిసేది కాదు. పొద్దున మంచం దిగాలంటే ఒళ్ళు రాయిలా ఉండేది.

మురళీధర్ బాధ్యత గల భర్త కాబట్టి తక్షణ చర్యలు చేపట్టాడు. రెండు తలుపుల ఫ్రిజ్ తెచ్చాడు. ఏడుపు తగ్గలేదు. తల్లి అంజమ్మ చేత కోడలికి తాయెత్తు కట్టించాడు. చివరికి మనసు తేలికపడుతుందని నాగార్జునసాగర్ తీసుకెళ్ళాడు. ఆయన స్నేహితులు కుటుంబాలతో సహా వచ్చారు. అందరికీ పులిహోర కలిపింది బాలసరస్వతే. సాగర్ నీళ్ళు చూసి అందరి మనసులూ తేలికపడ్డాయి.

"నీకేం తక్కువైందే?" అని నిలదీసింది అంజమ్మ. "తాగొచ్చి కొడతన్నాడా? ఇంకోదాన్ని తెచ్చాడా? ఏంది నీ బాధ?"

ఈ రెండూ జరగనిదే భార్యకు బాధపడే హక్కు లేదని మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. బాలసరస్వతికీ తెలుసు. అందుకే వెళ్ళి అత్తగారికి కాఫీ కలిపింది.

ఒకనాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నరసరావుపేట వెళ్ళి, మనసు జబ్బులు చూసే డాక్టర్ సాజిదాను కలిసింది.

"ఇంట్లో మీతో మాట్లాడతారా?" అని అడిగింది డాక్టరు.

బాలసరస్వతి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మాట్లాడతారండీ. ఉప్పెక్కువైతే."

డాక్టరు మందులు రాసి, వచ్చేసారి భర్తను కూడా తీసుకురమ్మంది.

"నాకేమన్నా పిచ్చా?" అన్నాడు మురళీధర్. "కొట్టు మూసి రావాలా? ఆ మందులేందో నువ్వే మింగు. బయట మాత్రం చెప్పమాక, పరువు పోద్ది."

ఆ దంపతులు కష్టసుఖాల గురించి జరిపిన అతి సుదీర్ఘ సంభాషణ ఇదే.

సన్మానం కల్యాణమండపంలో ఘనంగా మొదలైంది. సంఘాధ్యక్షుడు అమరేశ్వరరావు మైకు పట్టుకున్నాడు. "భార్య అంటే భూదేవి! భూమి ఏనాడన్నా నోరు తెరిచిందా? ఈ తల్లి నోటి మాట నేనింతవరకూ వినలేదు. అదీ దాంపత్యమంటే!" చప్పట్లు మోగాయి. ఆ ఊపులో మైకు ఆమె చేతికిచ్చాడు. "రెండు ముక్కలు మాట్లాడమ్మా."

ఆమె మైకు పట్టుకుంది. భర్త వంక చూసింది. ఆయన ఫొటో కోసం శాలువా సర్దుకుంటున్నాడు.

"అన్నయ్యగారు చెప్పింది నిజమేనండీ. మేం ఏనాడూ పోట్లాడుకోలా. పోట్లాడాలన్నా ముందు మాట్లాడుకోవాలి గదా. నాకు బతకాలనిపించక, నరసరావుపేటలో మనసుకు వైద్యం చేయించుకుంటన్నా."

అలవాటు కొద్దీ జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అర్థమై ఆపేశారు. మైకు అతను కర్తవ్యం గుర్తెరిగి పాట పెట్టేశాడు.

తెల్లారేసరికి ఊరంతా జాలిపడింది, మురళీధర్ మీద. "పాపం, ఫ్రిజ్ గూడా కొనిపెట్టాడు" అని ఆడవాళ్ళే కంటతడి పెట్టారు. బాలసరస్వతి మాత్రం వైద్యం మానలేదు. పొద్దున్నే లేవడం కాస్త సులువైంది. బస్సులో ఎవరడిగినా ఎక్కడికెళుతున్నదీ దాచకుండా చెప్పేది.

కొన్నాళ్ళకు డాక్టరు గది బయట బెంచీ మీద ఆమెకు అమరేశ్వరరావు భార్య కనిపించింది, ముఖమంతా కొంగు కప్పుకొని. ఆ చివర సంఘం కార్యదర్శి భార్య. ఇద్దరూ మోకాళ్ళ నొప్పులకని వచ్చామని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"జరుగు వదినా" అని బాలసరస్వతి వాళ్ళ మధ్య కూర్చుంది.

అదే బెంచీ మీద మిమ్మల్ని కూడా చూశామని కొందరంటున్నారు. కంగారుపడకండి. మీదీ మోకాళ్ళ నొప్పేనని మేం అందరికీ చెప్పేశాం.