నీళ్ల మీద నిలబడుటకు అనుమతి

మనిషి నీళ్ల మీద నిలబడటం ప్రకృతి విరుద్ధమని, అయితే తగిన అనుమతి తెచ్చుకుంటే ప్రకృతికి అభ్యంతరం ఉండబోదని నగర జలవినోద క్రమబద్ధీకరణ మండలి ఈ వేసవిలో ప్రకటించింది. నాంపల్లి కార్యాలయం నుంచి వెలువడిన ఈ సత్యం (దీని నకలు ప్రకృతికి పంపారో లేదో తెలియదు) సౌభాగ్యను పెద్ద చిక్కులో పడేసింది.

సౌభాగ్య ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఎండాకాలం సెలవులంటే ఆమెకు మామిడికాయ తొక్కు పెట్టడం, అబిడ్స్‌లో భర్త బాలకిషన్ నడిపే సూట్‌కేసుల దుకాణంలో కూర్చోవడం. ఈసారి మాత్రం కూతురు హాసిని పట్టుబట్టి ఊరి చివరి చెరువుకు తీసుకెళ్లి, ప్యాడిల్ బోర్డు ఎక్కించింది. వెడల్పాటి పలక మీద నిలబడి, పొడవాటి తెడ్డుతో నీళ్లను వెనక్కి తోస్తూ ముందుకు పోవడమే ఆ ఆట.

మొదట మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత ఒక కాలు, ఆ తర్వాత రెండో కాలు. లేచి నిలబడి చుట్టూ చూస్తే అంతా నీళ్లే. "టీచర్, వాడు గిల్లిండు" అనేవాళ్లు లేరు. "నా తువ్వాలేది?" అని అరిచేవాళ్లు లేరు. సూట్‌కేసు చక్రం ఊడిందని కొట్లాటకు వచ్చేవాళ్లు అసలే లేరు. సౌభాగ్య పకపకా నవ్వింది. ఒడ్డునున్న హాసిని కంగారు పడింది. తల్లి అలా నవ్వగా ఆ పిల్ల ఎన్నడూ వినలేదు.

మరుసటి ఆదివారానికి మండలి నిబంధన రానే వచ్చింది. బోర్డు మీద పడుకోవచ్చు, కూర్చోవచ్చు, మోకరిల్లవచ్చు (పౌరులకు సహజమైన భంగిమ కనుక దీన్ని మండలి ప్రోత్సహిస్తుంది కూడా). నిలబడాలంటే మాత్రం పర్మిట్ ఉండాలి.

"నిలవడుడు ఎందుకే? కూసొనే తిరుగరాదు?" అన్నాడు బాలకిషన్.

"కూసొని తిరగనీకె గదేమన్న ఆటోనా?" అని సౌభాగ్య చెప్పులేసుకుని బయల్దేరింది.

అబిడ్స్ నుంచి నాంపల్లి ఎంతో దూరం లేదు, కానీ ఆ ఎండలో తారు రోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదిలిపెట్టలేదు. నిలబాటు విభాగం పర్యవేక్షకుడు అమరేశ్వరరావు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు. ఎవరినీ కసురుకోడు, ఎవరి పనీ చేయడు.

"మీరు నిలబడగలరని రుజువేందమ్మా?"

"పొద్దటి సంది మీ ముందల నిలబడే ఉన్న గద సార్."

"గది నేల మీద. నేల కదలదు. నీళ్లు కదుల్తయి."

"ఇరవై ఏండ్ల సంది క్లాసుల నిలబడ్తున్న. మా ఎనిమిదో తరగతిని జూస్తే నేల కదలదని అనరు మీరు."

ఆయన సానుభూతితో తలూపి, ఆమెను ప్రాయోగిక పరీక్షకు పంపాడు. పరీక్ష కారిడార్లోనే. బోర్డు ఇంకా మంజూరు కాలేదు కాబట్టి గోడకున్న నోటీసు బోర్డును దించి నేల మీద పరిచారు (బోర్డు ఏ రకానిదో నిబంధనల్లో లేదు). తెడ్డుకు బదులు నేల తుడిచే కర్ర చేతికిచ్చారు. నీళ్ల బాధ్యత అటెండరు శంకరమ్మది. ఆ రోజు నల్లా రాలేదు. ఆమె తన సీసాలోని మంచినీళ్లు నాలుగు చుక్కలు బోర్డు చుట్టూ చిలకరించి, "గిదే చెర్వు అనుకో బిడ్డా, ఎక్కు" అంది.

సౌభాగ్య ఎక్కింది. బదిలీ ఉత్తర్వుల మీద ఒక పాదం, బకాయిల ప్రకటన మీద ఒక పాదం.

"ఇప్పుడు అలలు," అన్నాడు అమరేశ్వరరావు. ఇద్దరు గుమాస్తాలు చెరో మూలా పట్టుకుని బోర్డును ఊపారు. ఆమె పడలేదు. మోకాళ్లు కొంచెం వంచి, చూపు ఎదుటి గోడ మీద నిలిపి, కర్రతో గాలిని వెనక్కి తోసింది. వేరే పనుల మీద వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. పింఛను కోసం వచ్చిన ఒక ముసలాయన, "శభాష్ బేటీ! జర ఎడమకు తిప్పు!" అని చప్పట్లు కొట్టాడు. సౌభాగ్య తిప్పింది. ఆ కార్యాలయంలో ఏదైనా ఒక పక్కకు కదలడం సిబ్బందికి కూడా కొత్తే. వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

పర్మిట్ వచ్చింది. ఫొటోలో ఆమె కూర్చుని ఉంది గానీ, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున్నే సౌభాగ్య లైఫ్ జాకెట్ వేసుకుని చెరువులో దిగింది. కాపలా పడవలో మండలి గార్డు వరప్రసాద్ పర్మిట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "నిలవడుండ్రి మేడం" అని సెలవిచ్చాడు. ఆమె నిలబడింది. చల్లటి గాలి వీచింది. ఒక కొంగ ఏ పర్మిటూ లేకుండా ఒంటికాలి మీద నిలబడి ఆమెనే చూస్తోంది. దాన్ని చూసి ఆమెకు మళ్లీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో కాలు జారి, దభాలున నీళ్లలో పడింది.

మునగలేదు. జాకెట్ తేల్చింది. వరప్రసాద్ పడవను దగ్గరికి తెచ్చాడు, తాడు మాత్రం వేయలేదు.

"మేడం, మీ కాడున్నది నిలవడే పర్మిట్. పడుడుకు వేరే సెక్షన్. నేను గుంజిన్నంటే మీరు పడ్డట్టు మండలి ఒప్పుకున్నట్టయితది."

"మరి గా సెక్షన్ సారు ఏడుంటడు?"

"ఫోన్ చేసిన. వస్తుండంట. జర తేలుతుండుండ్రి."

ఆమె తేలింది. నీళ్లు చల్లగా, హాయిగానే ఉన్నాయి. ఇంతలో పక్క బోర్డు మీదున్న బట్టతల పెద్దమనిషి కూడా తూలి పడ్డాడు. నీళ్లు ఉమ్మేసి, చేతులు టపటపా కొట్టుకుంటూ నేరుగా గార్డు పడవ వైపు వచ్చాడు.

సౌభాగ్య గడ్డం దాకా నీళ్లలో ఉంటూనే చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

"అన్నా, జర లైన్ల రాండ్రి. ముందుగాల పడ్డది నేను."