పెట్టెకు జ్వరం

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. తాను తయారుచేసిన సబ్‌వూఫర్‌ను, అంటే దడదడ మోత పుట్టించే స్పీకరు పెట్టెను, అత్తగారింటి హాల్లో గోడకు ఆనించి, గంటసేపు నిండు మోతతో మోగించాలి. పెట్టె వెనకున్న లోహపు పలక ఎనభై డిగ్రీలు దాటి కాగితే అది తనంతట తానే ఆగిపోతుంది. ఇంతకుముందు రెండు పెట్టెలు అలాగే ఆగాయి. మూడోదీ ఆగితే రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

పది నిమిషాలకోసారి వేడి కొలిచి, చార్టులో రాసి, ఆఫీసుకు పంపుతున్నాడు. అరవై రెండు, డెబ్బై, డెబ్బై ఆరు. కిటికీ అద్దాలు వణుకుతున్నాయి, అల్లుడూ వణుకుతున్నాడు. అంతలో పైవాటా ఆవిడ ఇదేం గోలని కేకేస్తే, బతిమాలుకోవడానికి మెట్లెక్కాడు.

తిరిగొచ్చి కొలిస్తే యాభై ఒకటి. కళ్లు నులుముకుని మళ్లీ కొలిచాడు. యాభై ఒకటే. గంట నిండింది, పెట్టె ఆగలేదు. సంతోషంలో కారణం వెతకడం మరిచిపోయి అంకె పంపేశాడు.

వెంటనే మేనేజర్ ఫోన్. "మోగేకొద్దీ చల్లబడే పెట్టెను ఎవరూ చేయలేదయ్యా. యజమానిగారిని తీసుకొస్తున్నా, ఇంకోసారి మోగించు."

ఇద్దరూ వచ్చి సోఫాలో కూర్చున్నారు. నలభై అయిదో నిమిషంలో పెట్టె టక్కున ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసిన అత్తగారు తడిగుడ్డ పిండుకుంటూ వచ్చారు. "మళ్లీ కాసిందా? పొద్దున మీరు పైకెళ్లినప్పుడు ఈ గుడ్డే కాసేపు దాని వీపు మీద వేసి తీశాను అల్లుడుగారూ. దెబ్బకి దిగింది."

మేనేజర్ పైకప్పు చూడసాగాడు.

"కరెంటు పెట్టె మీద తడిగుడ్డేంటమ్మా?" అన్నారు యజమాని.

"చార్టులో డెబ్బై ఆరు కనబడితే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా? అయినా వేడంతా వీపులో ఉంటే, ఆ వీపునే గోడకి ఆనిస్తారా ఎవరైనా? గాలాడొద్దూ?"

గోడకు ఆనిస్తే మోత బలంగా వస్తుందని మూడు పెట్టెలనూ అలా పెట్టింది అల్లుడే. చల్లారాక పెట్టెను జానెడు ముందుకు లాగి మళ్లీ మోగించాడు. గంట నిండేసరికి వేడి డెబ్బై రెండు దగ్గరే నిలిచింది. మోత పిసరంత తగ్గింది గానీ, యజమాని అది విననట్టే ఊరుకున్నారు.

"ఇది అమ్మకానికి పెడదాం," అన్నారు లేస్తూ. అల్లుడికి సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి.

పెట్టెతో ఇచ్చే పుస్తకంలో మొదటి సూచనగా గోడకు జానెడు దూరం ఉంచాలని, రెండో సూచనగా తడిగుడ్డ వేయరాదని అచ్చయింది. రెండోదానికి అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు.