గుట్ట మీది పెద్దరికం

ఆదివారం పొద్దున ఉప్మా తింటూ తింటూ దేవదాస్ తన ఆలోచన బయటపెట్టాడు.

"ఇయ్యాల మనం గుట్ట ఎక్కుతాన్నం."

"ఏ దేవునికి మొక్కినవ్?" అంది భార్య వాసంతి.

"మొక్కు గాదు. తాళ్లు కట్టుకొని బండ ఎక్కుడు. ఇంట్ల బంధాలు గట్టిపడుతయట. ఫోన్ల చూసిన."

"మెట్లెక్కితేనే మోకాళ్లు పట్టుకుంటవు, బండెక్కుతవా?"

గట్టిపడాల్సిన బంధం నిజానికి ఒక్కటే. వరంగల్లు కొత్తవాడలో దేవదాస్‌కూ తమ్ముడు రాంచందర్‌కూ కలిపి ఒకే జంపఖానాల దుకాణం ఉంది. ఇద్దరూ ఒకే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు కానీ రెండేళ్లుగా మాటల్లేవు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కొనడానికి వచ్చిన గిరాకీల ద్వారా చెప్పుకుంటారు. "నీలం చారలది పై అరలున్నదని ఆయనకు చెప్పమ్మా" అని దేవదాస్ అన్నప్పుడు ఆ ఆయన చెయ్యి చాపితే తగిలేంత దూరంలోనే ఉంటాడు.

గొడవకు మూలం జమ్మి ఆకు. దసరా నాడు జమ్మిని ముందు ఇంటి పెద్ద చేతిలో పెట్టి దీవెన తీసుకోవడం ఆనవాయితీ. రెండేళ్ల కిందటి దసరాకు రాంచందర్ జమ్మి తెచ్చి ముందు తనకు పిల్లనిచ్చిన మామ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఆ తర్వాతే అన్న దగ్గరికి వచ్చాడు. ఇంటికి పెద్దవాణ్ని నేనుండగానా అని దేవదాస్ చెయ్యి చాపలేదు. అది మొదలు తమ్ముడి నోట మళ్లీ "అన్నా" అనే పిలుపు వినాలని లోపల ప్రాణం కొట్టుకుపోతూనే ఉంది. కానీ తానే ముందు పలకరిస్తే పెద్దరికం ఏమైపోవాలి? ఒకరు బండ ఎక్కుతుంటే ఇంకొకరు కింద తాడు పట్టుకోవాలని, అలా చేస్తే విరిగిన మనసులు అతుక్కుంటాయని వీడియోలో చెప్పారు. పలకరించే పని తాడు మీదికి నెట్టేయొచ్చని దేవదాస్‌కు తోచింది.

వదిన మాట తీసేయలేక రాంచందర్ వచ్చాడు. వర్ధన్నపేట దాటాక రోడ్డు పక్కనే ఉన్న గుట్ట దగ్గర, గుట్టలెక్కడం నేర్పించే రాకేష్ అప్పటికే తాళ్లు బిగించి ఉన్నాడు.

"తాడును పైన బండకున్న కొక్కేనికి ఏసిన. ఒక కొస ఎక్కేటాయన నడుముకు, ఇంకో కొస కిందున్నాయన చేతుల. దిగేటప్పుడు మాత్రం చేతులిడిచి ఎనుకకు వాలాలె సార్. కిందాయన మెల్లగ దించుతడు. ముందు ఎవలెక్కుతరు?"

రాంచందర్ అప్పటికే హెల్మెట్ పెట్టుకున్నాడు. దేవదాస్‌కు అది చాలు.

"ఇంటికి పెద్దోణ్ని నేనుండంగ వేరేటోళ్లు ముందెట్ల ఎక్కుతరు?" అన్నాడు రాకేష్ వంక చూస్తూ.

ఎక్కడం ఎక్కాడు. మోకాళ్లు చెయ్యలేని పని పౌరుషం చేసింది. రెండంతస్తుల ఎత్తుకు పోయాక, తమ్ముడు చూస్తున్నాడా లేదా అని ఒక్కసారి కిందికి చూశాడు. అంతే. రెండు చేతులతో బండను కరుచుకున్నాడు.

"ఎనుకకు వాలుండ్రి సార్!" అని రాకేష్ అరిచాడు.

"తాడు ఎవల చేతులున్నది?"

"మీ తమ్ముని చేతులనే!"

దేవదాస్ బండను ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. కింద రాంచందర్ మొహం ఎర్రబడింది.

"నా మీద నమ్మకం లేకుంటే ఆడనే ఉండమని చెప్పు ఆయనకు," అన్నాడు రాకేష్‌తో.

మేకలు తోలుకుపోతున్న మొండయ్య అప్పుడే ఇదంతా చూశాడు. మన దిక్కున మనిషి ఎత్తైన జాగా ఎక్కి దిగనన్నాడంటే దానికి ఒకటే అర్థం. నీళ్ల ట్యాంకు ఎక్కినా, సెల్ టవర్ ఎక్కినా న్యాయం కోసమే ఎక్కుతారు. గుట్ట కిందున్న మొండయ్య ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పొలాలు ఎండిపోతున్నాయి. మొండయ్య ఊరికి ఫోన్ కొట్టాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎవలో పుణ్యాత్ముడు గుట్టెక్కిండు. దిగుమంటే దిగుతలేడు!"

కాసేపట్లో ఊరు ఊరంతా దిగింది. పెద్దమనిషి కట్టయ్య ముందుండి ఖమ్మం రోడ్డు మీద అందర్నీ కూర్చోబెట్టాడు. బస్సులు ఆగిపోయాయి. ఇది పోరాటం కాదు, బంధాలు గట్టిపరుచుకోవడమని రాకేష్ చెప్పబోతే, "నువ్వు కరెంటోళ్ల మనిషివా?" అని నలుగురు మీదికొచ్చారు. ఎక్కినాయన పేరేమిటని వాసంతిని అడిగి, "దేవదాసన్న నాయకత్వం వర్ధిల్లాలె!" అని నినాదం ఎత్తుకున్నారు.

అంత భయంలోనూ దేవదాస్‌కు ఆ 'అన్న' కాస్త హాయిగానే అనిపించింది. ఊరంతా అంటోంది, అనాల్సిన ఒక్కడు తప్ప.

"అన్నా, సార్లు వచ్చేదాంక దిగకు! నీ కాల్మొక్కుత!" అని కట్టయ్య అరుస్తున్నాడు.

"దిగుతవా, నన్ను ఎక్కుమంటవా?" అని వాసంతి అరుస్తోంది.

చివరికి జీపులో ఎస్సై వచ్చి మైకు అందుకున్నాడు. "పెద్దమనిషీ, నీ డిమాండ్ ఏందో చెప్పు. సర్కారుతోని మాట్లాడుతం."

జనమంతా ఊపిరి బిగబట్టారు. నోరెండిపోయి, చేతులు జారిపోతున్న ఆ క్షణంలో దేవదాస్‌కు ట్రాన్స్‌ఫార్మర్ గుర్తు రాలేదు.

"జమ్మి ముందు నాకు పెట్టాలె!" అని గావుకేక పెట్టాడు.

"గదేంది? ట్రాన్స్‌ఫార్మర్ ముచ్చట చెప్పవయ్యా!" అని కట్టయ్య నెత్తి కొట్టుకున్నాడు.

రాంచందర్ మాత్రం ఆ మాట విని నిలువునా కదిలిపోయాడు.

"ఆ దసరా నాడు మా మామ కుర్సీ ఏసుకొని మనింటి తలుపుకు అడ్డం కూసున్నడే అన్నా! ఆయన్ను దాటి లోపలికి ఎట్ల రావాలె? పొద్దటి సంది రెండు చేతులతోని నిన్నే పట్టుకొని ఉన్న. ఇడుస్తనా నిన్ను?"

రెండేళ్ల తర్వాత విన్న ఆ పిలుపుకు దేవదాస్ కళ్లు మసకబారాయి. కింద ఎంత లోతుందో కనిపించకపోవడం మంచిదే అయింది. చేతులు వదిలి వెనక్కి వాలాడు. తాడు నిలిచింది. మెల్లమెల్లగా జారి తమ్ముడి భుజాల మీదికి దిగి, అక్కడే భోరుమన్నాడు. వాసంతి కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఈలోగా కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి తెల్లారేసరికి ట్రాన్స్‌ఫార్మర్ బిగిస్తామని మాటిచ్చారు. నాయకుడితో పని తీరిపోయింది. "మాకేం ఎరుక సార్? వరంగల్లు నుంచి వీళ్లే వచ్చి లొల్లి పెట్టిండ్రు," అని చెప్పి కట్టయ్య జనంతో సహా ఇంటి దారి పట్టాడు. ఆగిన బస్సులకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా! ఎస్సై కాగితం తీశాడు. తాడు ఎవరి చేతిలో ఉంటే వాడే అసలువాడని రాంచందర్ పేరు మొదటి ముద్దాయిగా రాశాడు.

రాంచందర్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, ఇంటికి పెద్ద, మా అన్న ఉండంగ నా పేరు ముందు రాసుడు పద్ధతి గాదు."

ఎస్సై కొట్టేసి దేవదాస్ పేరు ముందు రాశాడు. దేవదాస్ రొమ్ము పొంగిపోయింది. తమ్ముణ్ని దగ్గరికి తీసుకుని, "ఇగ సచ్చేదాంక నాకేం ఫికర్ లేదురా," అన్నాడు.

ఇప్పుడు ప్రతి వాయిదాకూ కోర్టులో ముందు పిలిచేది దేవదాస్ పేరే.