భీమశంకరం గారి గ్యాసు

మంచు తుఫానుకి ట్రాయ్‌లో సగం ఊరికి కరెంటు పోయింది. రామమోహన్ పొద్దున్నే ఫోన్‌లో ఫేస్‌బుక్ తెరుచుకుని కూర్చున్నాడు. ఎవరికి దుప్పట్లు కావాలో, ఎవరింట్లో చంటిపిల్లలున్నారో తెలుసుకుని సాయం పంపాలని తెలుగువాళ్లకి గ్రూప్ పెట్టింది అతనే. అడ్మిన్ హోదాలో అప్పటికే బోలెడు జాగ్రత్తలు పోస్ట్ చేశాడు.

వంటింట్లో అతని మామగారు భీమశంకరం గారు పొట్ట నిమురుకుంటున్నారు. నిన్న పకోడీలు కాస్త ఎక్కువయ్యాయి.

"నాన్నకి గ్యాస్ పట్టేసింది. వాము అయిపోయింది. గ్రూప్‌లో అడగనా?" అంది విద్య.

"అడుగు. గ్రూప్ ఉన్నది అందుకేగా!" అన్నాడు రామమోహన్, కణతలు నొక్కుకుంటూ.

విద్య రాసింది: "మా ఇంట్లో గ్యాస్ ప్రాబ్లం. నాన్న చాలా ఇబ్బంది పడుతున్నారు. అర్జెంట్‌గా కాస్త వాము కావాలి."

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న స్నేహితురాలు స్రవంతి మొదటి రెండు వాక్యాలే చదివింది. "విద్య వాళ్లింట్లో గ్యాస్ లీక్! అంకుల్‌కి సీరియస్!" అని షేర్ చేసింది. కింద ఒకరు "స్పృహలో లేరట" అన్నారు. ఇంకొకరు "ఆయన ఆత్మకి శాంతి కలగాలి" అని రాశారు. మరెవరో 911కి ఫోన్ చేశారు.

కాసేపట్లో వీధిలో సైరన్ మోగింది. ఫైరింజన్ వెనకాలే దుప్పట్లతో, ఇడ్లీ గిన్నెలతో కార్లు. ఏడుస్తూ దిగిన స్రవంతి, గుమ్మంలో భీమశంకరం గారిని చూసి కెవ్వుమంది.

"బతికే ఉన్నానమ్మా," అన్నారాయన మొహమాటంగా.

"సారీ సర్, గ్యాస్ ఈయన పొట్టలో!" అని రామమోహన్ ఫైర్ ఆఫీసర్‌కి ఇంగ్లీషులో విన్నవించుకున్నాడు. ఆఫీసర్ నవ్వాపుకుని, వచ్చాం కాబట్టి చూసి వెళ్తామంటూ గ్యాస్ పసిగట్టే మీటర్ పట్టుకుని లోపలికొచ్చాడు. మీటర్ కీచుమని అరిచింది.

"బయటికి! అందరూ బయటికి!"

మూసిన గరాజ్‌లో జనరేటర్ గుడగుడలాడుతోంది.

"మంచులో తడుస్తుందని లోపల పెట్టాను," అన్నాడు రామమోహన్.

దాని పొగలోని విషవాయువుకి వాసన ఉండదనీ, తలనొప్పితో మొదలవుతుందనీ, ఇంకాసేపు లోపలే ఉంటే ఎవరూ మిగిలేవారు కాదనీ ఆఫీసర్ చెప్పాడు. విద్య తన తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జనరేటర్ ఇంటి బయటే పెట్టాలని మీరే కదా అన్నయ్యా పోస్ట్ చేశారు!" అంది స్రవంతి.

"ఎవరో పంపితే షేర్ చేశానమ్మా. చదవలేదు."

సాయంత్రానికి అడ్మిన్‌ని మార్చాలని గ్రూప్ తీర్మానించింది. అందరూ ఏకగ్రీవంగా భీమశంకరం గారిని ఎన్నుకున్నారు. ఆయనకి ఫేస్‌బుక్ అకౌంటే లేదు.